నాన్నగారికి తగిన ఆశ్రమం: ఒక శాస్త్రీయ పరిశీలన

భోగి ఇంకా నెలరోజులుందనగా పుంజు కొనడానికి బయల్దేరే భీమవరం వైపు పెద్దమనిషిని ఎప్పుడైనా గమనించారా? డేగా, కాకా, నెమలా అని ముందు రంగు తేల్చుకుంటాడు. చంకలో ఇరికించుకుని బరువు చూస్తాడు. తొడ నొక్కుతాడు, రెక్క విప్పుతాడు, కాళ్ళు పైకెత్తి వేళ్ళు విడదీసి గోళ్ళు చూస్తాడు. బాదంపప్పు రోజూ పెడుతున్నారా, మధ్యలో మానేశారా, కాలవలో ఈత కొట్టిస్తున్నారా, రాత్రిళ్ళు ఎక్కడ కడుతున్నారు అని యక్షప్రశ్నలు వేస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరక కుక్కుటశాస్త్రం తెలిసిన బావగారికి ఫోన్ కొడతాడు. కోడిపందేలు చట్టప్రకారం నిషేధం కాబట్టి, ఇదంతా కేవలం విజ్ఞాన తృష్ణ అని మనం భావించాలి.

ఇంతటి పరిశీలనా శక్తి గల మనిషిని నాన్నగారి కోసం ఓ వృద్ధాశ్రమం చూసి రమ్మంటే పావుగంటలో తిరిగొస్తాడు. ఎలా ఉందండీ అని అడిగితే, "ఆయ్, బ్రహ్మాండం అండి బాబూ. కిందంతా గ్రానైటే" అంటాడు.

మర్యాదకు పేరుపడ్డ జిల్లాలకు ఇది తీరని మచ్చ. కొత్తల్లుడికి వంద రకాలు వడ్డించి ఆ ఫొటో పేపర్లో వేయించుకునే ప్రాంతంలో, వృద్ధాశ్రమాన్ని ఎంచే శాస్త్రం మాత్రం ఇంకా గ్రానైట్ యుగంలోనే ఉండిపోయింది. ఆ కొరత తీర్చడానికి, ధవళేశ్వరం దిగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ వర్తించేలా కొన్ని ప్రమాణాలు ప్రతిపాదిస్తున్నాను. అంతర్వేది నుంచి ఆకివీడు దాకా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ముందుగా ఒక మాట. అమ్మానాన్నల్ని ఆశ్రమంలో చేర్చినవాళ్ళంతా దుర్మార్గులని ఉపన్యాసం ఇచ్చే ఉద్దేశం నాకు లేదు. ఆ ఉపన్యాసాలిచ్చే కొందరి ఇళ్ళలో ముసలివాళ్ళు పెరటి వసారాలో, బియ్యం బస్తాల పక్కన ఎలా పడుకుంటారో అందరికీ తెలుసు. రెండెకరాల వరి ఇద్దరు కొడుకుల్ని పోషించలేదని లెక్కవేసి, హైదరాబాదుకో డాలస్‌కో పొమ్మని ఫీజులు కట్టింది ఆ నాన్నగారే. పొలం చేపల చెరువుకు లీజుకెళ్ళింది, పెంకుటింటికి తాళం పడింది, ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి. ఆశ్రమం తప్ప దారిలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. చేర్చేముందు ఏం చూస్తున్నాం అన్నదాని గురించే నా గొడవంతా.

ప్రస్తుతం అమల్లో ఉన్న ప్రమాణాలు ఇవి. గేటు దగ్గర ఆర్చి ఉండాలి, ఆర్చి మీద దేవుడుండాలి. లోపల పచ్చిక ఉండాలి, దాని మీద నడవరాదని బోర్డుండాలి. రిసెప్షన్లో చేపల తొట్టె ఉండాలి. (చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే ఉన్న చోట మళ్ళీ తొట్టె దేనికో నాకు అంతుపట్టలేదు గానీ, అది లేని సంస్థను డాలస్ అబ్బాయి నమ్మడు.) అన్నిటికీ మించి సీసీ కెమెరా ఉండాలి. నాన్నగారు కుర్చీలో కూర్చుని ఉన్నట్టు అమెరికాలో ఫోన్ తెరిస్తే కనిపిస్తుంది. పొడి పంచెతో కూర్చున్నారా, తడిసిన పంచెతో గంట నుంచీ కూర్చున్నారా అన్నంత వివరం అందులో రాదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు దగ్గరకెళ్ళి చూడాలి.

గ్రానైట్ సంగతి కూడా తేల్చేద్దాం. ఎనభయ్యేళ్ళ మనిషి తడికాలితో దాని మీద అడుగేస్తే ఏమవుతుందో తుంటి ఎముకల డాక్టర్లకు బాగా తెలుసు. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు కమ్మీ ఉందా, గచ్చు గరుగ్గా ఉందా అని అడిగితే మేనేజరు మనల్ని బీదవాళ్ళనుకునే ప్రమాదం ఉంది. అయినా అడగండి.

చూడ్డానికి వెళ్ళినవాళ్ళని ఎక్కువగా ముగ్ధుల్ని చేసేది అక్కడి నిశ్శబ్దం. "రాత్రి ఏడున్నరకల్లా అందరూ పడుకుంటారండి, చీమ చిటుక్కుమంటే ఒట్టు" అని మేనేజరు గర్వంగా చెప్తాడు. మనం కూడా, ఎంత క్రమశిక్షణ అని తల ఊపుతాం. నలభై మంది ముసలివాళ్ళు. సగం మందికి ప్రోస్టేటు, మిగతా సగానికి మోకాళ్ళు, ఒకళ్ళిద్దరికి ఎప్పుడో పోయిన మొగుళ్ళతో ఇంకా తెగని తగువులు. ఇంతమంది కూడబలుక్కున్నట్టు ఏడున్నరకే గుర్రుపెట్టడం ప్రకృతిలో జరిగే పని కాదు, మాత్రల డబ్బా పుణ్యాన జరిగే పని. ఆ మాత్ర ఏమిటి, ఏ డాక్టరు రాశాడు, ఎన్నాళ్ళకని రాశాడు అని అడగడం మర్యాద కాదంటారు. పుంజుకు పెట్టే బాదంపప్పు గురించి అడిగినప్పుడు ఈ మర్యాద ఎటుపోయిందో!

నా దృష్టిలో ఆశ్రమం నాణ్యతకు సిసలైన కొలమానం సణుగుడు. గోదావరి జిల్లాల్లో డెబ్భై దాటిన మనిషి, పులుసులో బెల్లం చాల్లేదనో, పనసపొట్టులో ఆవ ఎక్కువైందనో, సున్నుండలో నెయ్యి వాసనైనా లేదనో అనకుండా విస్తరి ముందునుంచి లేచాడంటే రెండే కారణాలు. ఒంట్లో బాగుండకపోయి ఉండాలి, లేదా భయపడుతూ ఉండాలి. అందుకని మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్ళండి. మేనేజరుని పక్కనే నిలబెట్టుకుని, కూర ఎలా ఉందండీ అని ఓ పెద్దాయన్ని పలకరించండి. ఆయన మేనేజరు మొహం మీదే "ఇది కూరా? కుడితిలా ఉంటేనూ" అని, పక్కాయన "నిన్నటి సాంబారు ఇంతకంటే ఘోరం" అని అందుకుని, ఎదురుగా ఉన్న బామ్మగారు మా ఊళ్ళో అయితే అని మొదలుపెడితే, ఇంకేమీ చూడక్కర్లేదు. అడ్వాన్సు కట్టేయండి. ఆ ఇంట్లో నోరు తెరవడానికి ఎవరికీ భయం లేదు. అలా కాకుండా "మాకేం లోటు లేదు బాబూ, దేవుళ్ళలా చూసుకుంటున్నారు" అన్న వాక్యం పొల్లుపోకుండా ముగ్గురి నోట ఒకేలా వినిపిస్తే, మెల్లగా చెప్పులు వేసుకోండి.

మెనూ బోర్డు చదవడం దండగ. రాత్రి భోజనం ఎన్నింటికో అడగండి. ఏడింటికి డ్యూటీ మారే ఆయాలకు గిన్నెలు తోముకునే వీలుండాలని ఆరింటికే అన్నం పెట్టేసి, మర్నాడు ఎనిమిదింటికి ఇడ్లీ పెట్టే చోట్లున్నాయి. మధ్యలో పద్నాలుగు గంటలు. షుగర్ మాత్ర వేసుకునే మనిషికి ఆ రాత్రి ఎలా గడుస్తుందో మీ ఊరి ఆర్ఎంపీ కూడా చెప్పగలడు. మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు చేతికందేలా ఉందా, లేక కిటికీ గట్టు మీద అలంకారంగా ఉందా చూడండి. బెల్లుంటే నొక్కండి. చాలాచోట్ల బెల్లుకి స్విచ్చి ఉంటుంది, వైరుండదు. రాత్రి రెండింటికి లేచి వచ్చే మనిషి ఎవరు, ఆ మనిషి ఒక్కతే ఎన్ని గదులు చూసుకోవాలి అని అడగండి.

అన్నిటికన్నా సులువైనది గోళ్ళ పరీక్ష. నలుగురైదుగురు పెద్దవాళ్ళ కాలిగోళ్ళు చూస్తే చాలు. ముసలివాళ్ళ కాలిగోరు మందంగా, రాయిలా అయిపోతుంది. వంగి కత్తిరించుకోవడం వాళ్ళ వల్ల కాదు. ఎవరో ఒకరు కింద కూర్చుని, పాదం ఒళ్ళో పెట్టుకుని, ఓపిగ్గా తీయాలి. దాన్ని ఎవరూ ఫొటో తీసి గ్రూపులో పెట్టరు. అందుకే అక్కడ అబద్ధానికి అవకాశం తక్కువ. వేళ్ళు విడదీసి గోళ్ళు చూసే విద్యలో మనవాళ్ళు ఎంత ఆరితేరారో పైన చెప్పుకున్నాం కాబట్టి కొత్తగా శిక్షణ అక్కర్లేదు.

ఇక, మేనేజరు అన్నీ చూపించి ఒక గది మాత్రం చూపించడు. "దానికి రంగులు వేస్తున్నారండి" అంటాడు. మంచంపట్టినవాళ్ళుండే గది అదే. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కిందా మడమల దగ్గరా పుండ్లు పడతాయి. ఎవరు ఎన్నింటికి తిప్పారో రాసే కాగితం మంచానికి వేలాడుతూ ఉండాలి. రేపు మధ్యాహ్నానికి కూడా ఇప్పుడే సంతకాలు పెట్టేసి ఉంటే, అది మరీ ముందుచూపున్న సంస్థ అన్నమాట.

పుట్టినరోజుల సంగతి చెప్పకుండా ఈ శాస్త్రం పూర్తికాదు. ఈ మధ్య పుట్టినరోజులూ, పెళ్ళిరోజులూ, తద్దినాలూ అన్నీ ఆశ్రమంలోనే. ముక్కూమొహం తెలియని బుడ్డోడి మొదటి పుట్టినరోజుకి ఎనభై రెండేళ్ళ బామ్మగారు కాగితం టోపీ పెట్టుకుని చప్పట్లు కొట్టాలి. సాయంత్రం ఓ నాయకుడి జన్మదినం. ఒక అరటిపండు, దాన్ని పట్టుకున్న ఏడు చేతులు, ఆ చివర ఎక్కడో పండు అందుకుంటున్న పెద్దాయన. బ్యానరు సరిగా పడలేదంటే పండు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇస్తారు. శ్రావణమాసంలో అయితే రోజుకి మూడు స్వీట్లు ఖాయం. దాతల్ని కాదంటే సంస్థ నడవదు, నిజమే. అయితే కేకు వద్దు, రెండు ప్యాకెట్ల డైపర్లు ఇవ్వండి అని దాతతో అనగల మేనేజరు దొరికితే మాత్రం ఆయన్ని వదులుకోకండి. డైపర్లతో ఫొటో దిగే దాత దొరకడం కష్టం.

డెల్టాలో ఉంటున్నాం కాబట్టి ఇంకో ప్రశ్న. కరపత్రంలో "గోదారి గట్టున, ప్రకృతి ఒడిలో" అని రాసి ఉంటే, ఆ ఒడిలోకి నీళ్ళు ఎప్పుడెప్పుడొచ్చాయో పక్కింటి వాళ్ళని అడగండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు, 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నారు, గోడ మీద వేలు పెట్టి మరీ చూపిస్తారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రాత్రి కరెంటుండదు, లిఫ్టు కదలదు. కింది గదుల్లోని పన్నెండు మందిని మేడ మీదికి ఎత్తుకెళ్ళేది ఎవరు? వాచ్‌మనా? ఆయన వయసెంత?

ప్రభుత్వం పట్టించుకోలేదని అనకండి, అన్యాయం. 2007లోనే పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అని 19వ సెక్షన్ చెప్తుంది. ఆ లెక్కన 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసి అమలాపురాన్నీ భీమవరాన్నీ జిల్లా కేంద్రాలు చేసిన రోజునే మన ప్రాంత వృద్ధుల వాటా పెరిగిపోయింది. ఇటుక కదలకుండా, సిమెంటు తడపకుండా ఇంత సంక్షేమం ఇంకెక్కడ సాధ్యం? పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయికి తగ్గని అధికారి ముందు అర్జీ పెట్టుకోవచ్చు, లాయర్లకు అక్కడ ప్రవేశం లేదని చట్టంలో రాసి ఉంది. నెలకు 10,000 రూపాయలకు మించకుండా భరణం ఇప్పించవచ్చు. 23వ సెక్షన్ ఇంకా గట్టిది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. కానీ మనవాళ్ళు రాయించే గిఫ్టు దస్తావేజులు చదవండి. తూర్పున పంటకాలువ, పడమట ఫలానావారి కొబ్బరితోట, ఉత్తరాన రస్తా అని హద్దులు సెంటు పొల్లుపోకుండా ఉంటాయి. నాన్నగారికి అన్నం ఎవరు పెట్టాలో ఒక్క ముక్క ఉండదు. అలా రాయించమంటే ఆయనే ఒప్పుకోడు, పిల్లల్ని అనుమానించినట్టుంటుందని.

అన్నట్టు, 14567 అని వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ ఒకటుంది. ఆ నంబరు రిసెప్షన్ గోడ మీద కాకుండా గదుల్లో, పెద్దక్షరాలతో రాసి ఉంటే ఆ సంస్థకు ధైర్యం ఉన్నట్టే.

చూడ్డానికి ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా ముఖ్యమే. ఆదివారం పదకొండింటికి అన్ని ఆశ్రమాలూ మంచివే. దుప్పట్లు ఉతికి ఉంటాయి, మొహాలకు పౌడరుంటుంది. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు, ముందుగా ఫోన్ చేయకుండా వెళ్ళండి. కొందరు పిల్లలు దీనికి కూడా ఒక శాస్త్రీయ పద్ధతి కనిపెట్టారు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయ్యాక, ఒకటో తారీఖు పొద్దున్నే ఆటో వేసుకొచ్చి నాన్నగారిని ఊరికి తీసుకెళ్తున్నారు. వేలిముద్ర పడేదాకా ఆయన బొటనవేలిని ఎంత ప్రేమగా పట్టుకుంటారో చూడాల్సిందే. మధ్యాహ్నం భోజనం వేళకు మళ్ళీ దింపేస్తారు, ఇంట్లో వండే వీలుండదు కదా.

చివరికి మిగిలేది ఒప్పంద పత్రం. దీన్ని మాత్రం మనవాళ్ళు అక్షరం వదలకుండా చదువుతారని ఒప్పుకోవాలి. అడ్వాన్సు ఎంత, పెద్దాయన కాలం చేస్తే అందులో ఎంత వెనక్కొస్తుంది, ఎన్నాళ్ళకు, ఎవరి పేరున అని ఫోన్లో అమెరికా కొడుకూ, బెంగళూరు కూతురూ, ఎదురుగా కాకినాడ అల్లుడూ ముగ్గురూ మూడు వైపుల నుంచి అడుగుతారు. మూడో పేజీలో చిన్నక్షరాలతో, తన పనులు తాను చేసుకోగలిగినంత కాలమే ఉంచుకుంటాం, మంచంపడితే వారం లోపు తీసుకెళ్ళాలి అని ఉంటుంది. ఆ వాక్యం మీద ఎవరూ ఏమీ అడగరు. సంతకాలవుతాయి. మేనేజరు రిజిస్టరు తీసి, ఆఖరి గడి నింపడానికి పెన్ను పట్టుకుంటాడు.

"నాన్నగారు తినడానికి ఏం ఇష్టపడతారండీ?"

"వంకాయ" అంటుంది బెంగళూరు కూతురు. "ఆయనకి వంకాయ పడదే" అంటాడు అమెరికా కొడుకు. "అది అమ్మకి పడదు రా" అని కూతురు.

"పోన్లెండి, పెద్దాయన్నే అడిగేద్దాం. తీసుకురాలేదా?"

"వచ్చారండి, కార్లో ఉన్నారు" అంటాడు అల్లుడు. "ఫర్వాలేదండి, ఏసీ వేసే వచ్చాం."