ఓవర్‌క్లాక్ చేసే ముందు కంప్యూటర్ డబ్బా ఒకసారి తెరిచి చూడండి తమ్ముళ్లూ

మే నెలలో ఒక రాత్రి నరసరావుపేట నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, గేమ్ ఆడుతుంటే స్క్రీన్ నల్లబడి ఆగిపోతోంది. కార్డు పోయినట్టేనా?" వాడి గొంతు వణుకుతోంది. ఏడాదిన్నర పాటు పిల్లలకి ట్యూషన్లు చెప్పి, రూపాయి రూపాయి దాచి కొనుక్కున్న కార్డు అది. ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో గేమ్ బొమ్మల్ని గీసేది), 12 జీబీ మెమరీది. ఏదో వీడియో చూసి ఓవర్‌క్లాక్ చేశాడట, అంటే కంపెనీ పెట్టినదానికంటే కార్డు వేగం పెంచాడట. కోర్ (లెక్కలు చేసే భాగం) మీద 150 మెగాహెర్ట్జ్, మెమరీ మీద 1000 పెంచి, పవర్ లిమిట్ (కార్డు ఎంత కరెంటు లాగొచ్చో ఆ హద్దు) స్లైడర్ చివరిదాకా జరిపేశాడు. ఆ వీడియో చేసినాయన చల్లటి ఏసీ గదిలో కూచుని చెప్పాడు. మావాడి గది మేడ మీద. నెత్తిన శ్లాబు, బయట 44 డిగ్రీలు.

నేను ఒకటే అడిగాను. "గేమ్ ఒక్కటే మూసుకుపోతోందా, సిస్టమ్ మొత్తం ఆగిపోతోందా?" ఇది తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. ఓవర్‌క్లాక్ ఎక్కువైతే మామూలుగా కార్డు జవాబివ్వడం మానేస్తుంది. విండోస్ రెండు సెకన్లు చూసి డిస్‌ప్లే డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. స్క్రీన్ ఒకసారి ఆరి వెలుగుతుంది, గేమ్ పోతుంది, సిస్టమ్ మాత్రం బతికే ఉంటుంది. స్విచ్ ఆపినట్టు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది కరెంటు సరఫరాని. "మొత్తం ఆగిపోతోంది అన్నయ్యా" అన్నాడు. ఇంక ఆన్ చెయ్యొద్దని చెప్పి ఆదివారం బస్సెక్కాను.

క్యాబినెట్ పక్క తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు మాడితే వస్తుందే, ఆ వాసన. కార్డుకి పెట్టాల్సిన 8 పిన్నుల వైరు ఆ ఎస్‌ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే పెట్టె, సప్లై అనేదీ దాన్నే) అసలు లేదు. పాత హార్డ్ డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల కనెక్టర్లు రెండింటిని కలిపే కన్వర్టర్ ఒకటి తగిలించారు. ఆ రెండు కనెక్టర్లూ ఒకే వైరు మీదివి. తెల్ల ప్లాస్టిక్కు ఒక మూల టీ మరకలాగా గోధుమరంగుకి తిరిగింది. గోటితో గీకితే పొడిగా రాలింది.

తర్వాత ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చీమంత అక్షరాల్లో ఒక పట్టిక. అందులో 12 వోల్టుల లైన్ ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ప్రధానంగా తీసుకునేది ఆ 12 వోల్టుల కరెంటే. ఆ కార్డు లెక్క ప్రకారం 170 వాట్లు తీసుకుంటుంది, రెప్పపాటులో అంతకు మించి కూడా గుంజుతుంది. ప్రాసెసర్‌కి ఇంకో 65. మదర్‌బోర్డు, ఫ్యాన్లు సరేసరి. 192లో ఇవన్నీ ఎలా సరిపోతాయి? పైగా పవర్ లిమిట్ కూడా పెంచాడు.

కొన్న రోజున షాపులో మావాడు అడిగాడట, సప్లై సరిపోతుందా అని. "450 ఉంది కదా తమ్ముడూ, టెన్షన్ ఎందుకు" అన్నారట. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ముప్ఫై వేల దాకా పెట్టి కార్డు కొనే పిల్లవాడికి, ఇంకో నాలుగైదు వేలు పెట్టి మంచి 550 వాట్ల సప్లై తీసుకో అని చెప్పడానికి నోరెందుకు రాదు? చెప్పి ఉంటే వాడు ఒక నెల ఆగి కొనుక్కునేవాడు.

ఓవర్‌క్లాకింగ్ తప్పని నేను అనను. పదేళ్ల నుంచి చేస్తున్నాను, అదంటే నాకిష్టం. కానీ మన పిల్లలు దాన్ని తలకిందులుగా మొదలుపెడుతున్నారు. ముందు సప్లై, తర్వాత గాలి, ఆ తర్వాత కార్డు, ఆఖర్న స్లైడర్లు. మావాడు, వాడిలాంటి చాలామంది స్లైడర్లతో మొదలుపెట్టి సప్లై కాలిపోయాక ఆగుతున్నారు.

కార్డు ఎంచుకోవడం గురించి ఒక మాట చెప్పాలి. పేరు చూసి మోసపోకండి. జీటీ 1030 అని 2017లో వచ్చిన కార్డులో జీడీడీఆర్5 మెమరీ, మరుసటి ఏడాది అదే పేరుతో వచ్చినదాంట్లో డీడీఆర్4. మెమరీ వేగం మొదటిదానికి సెకనుకి 48 జీబీ, రెండోదానికి 17 కూడా లేదు. ఆర్‌టీఎక్స్ 3060లోనూ అంతే. 12 జీబీది 360, తర్వాత వచ్చిన 8 జీబీది 240. 3050లో 6 జీబీది 8 జీబీదానికంటే చిన్న కార్డు, కోర్లు కూడా తక్కువే. అయితే దానికొక మంచి గుణం ఉంది. 70 వాట్లే తీసుకుంటుంది కాబట్టి, మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాట్ ఇచ్చే 75 వాట్లతో నడిచిపోతుంది, విడిగా పవర్ వైరు అక్కర్లేని మోడళ్లే ఎక్కువ. సప్లై మార్చే స్తోమత లేనివాళ్లకి నేను చెప్పేది అదే. ఇక "4 జీబీ కార్డు, గేములన్నీ ఆడతాయి" అంటూ జీటీ 730 అంటగట్టేవాళ్ల మాట అస్సలు వినొద్దు. అది 2014 నాటి కార్డు, దాని మీద ఎన్ని జీబీలు అతికించినా ఇప్పటి గేమ్ నడవదు.

ఓసీ (ఓవర్‌క్లాక్) ఎడిషన్ అని పెట్టె మీద రాసి రెండు మూడు వేలు ఎక్కువ అడుగుతారు. 3060 అసలు బూస్ట్ (పని పడినప్పుడు అందుకుంటుందని కంపెనీ చెప్పే వేగం) 1777 మెగాహెర్ట్జ్. ఓసీ మోడల్ చాలావరకు దాని మీద 30, 60 పెంచి ఇస్తుంది. అంటే రెండు మూడు శాతం. ఆ డబ్బు సప్లైలో పెట్టండి.

ఇప్పుడు వేడి సంగతి. గాలితో చల్లబడే కార్డు గదిలో ఉన్న వేడికంటే చల్లగా ఎప్పటికీ ఉండలేదు. 24 డిగ్రీల గదిలో 70 చూపించే కార్డు 38 డిగ్రీల గదిలో అదే పని చేస్తే సుమారు 84 చూపిస్తుంది. రెంటచింతల ఎండలు తెలిసిన పల్నాడు వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది. ఎన్‌విడియా 3060కి పెట్టిన హద్దు 93 డిగ్రీలు. అక్కడిదాకా పోయే లోపే కార్డు వేడెక్కేకొద్దీ తనంతట తానే 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతుంది. మీరు స్లైడర్‌తో పెంచినదాన్ని మీ గది తగ్గించేస్తుంది, మధ్యలో ఫ్యాన్ మోత మిగులుతుంది.

అందుకే మన ఊళ్లకి నేను గట్టిగా చెప్పేది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కి అందే వోల్టేజీ తగ్గించడం. చిప్ కాల్చే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే చిప్ కాల్చే కరెంటు సుమారు పంతొమ్మిది శాతం తగ్గుతుంది. కంపెనీ ప్రతి చిప్పూ పాసవ్వాలని వోల్టేజీ కాస్త ఎక్కువే పెట్టి పంపుతుంది. ఆ మిగులు మనం తగ్గించుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గ్రాఫ్ తెరుచుకుంటుంది. (ఆ సాఫ్ట్‌వేర్ ఎంఎస్ఐ సైట్ నుంచే తీసుకోండి. నకిలీ సైట్లున్నాయని 2021లో ఆ కంపెనీయే హెచ్చరించింది.) ఏఎండీ కార్డులవాళ్లకి వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సదుపాయం ఉంది.

మావాడికి కొత్త సప్లై బిగించాక, కార్డుకి నేరుగా 8 పిన్నుల వైరు పెట్టి, ఇదే చేశాం. మామూలుగా 1.05 వోల్టుల దగ్గర 1900 చిల్లర మెగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. 0.9 వోల్టుల దగ్గర 1830 పెట్టి, అక్కణ్ణించి గీతని చదును చేశాం. కరెంటు 170 వాట్ల నుంచి 135 దగ్గరికి దిగింది. వేడి 83 నుంచి 72కి వచ్చింది. సెకనుకి వచ్చే ఫ్రేముల్లో (బొమ్మల్లో) తేడా రెండు. వాడు నమ్మలేక మూడుసార్లు మళ్లీ కొలిచాడు.

ఇంత చెప్పినా ఓవర్‌క్లాకే కావాలనేవాళ్లు ఉంటారు, వాళ్ల సరదా నాకు తెలుసు. చలికాలంలో చెయ్యండి. కోర్ 15, 20 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ అరగంట నిజమైన గేమ్ ఆడండి, ఐదు నిమిషాల బెంచ్‌మార్క్‌ని నమ్మొద్దు. కోర్ కుదిరాకే మెమరీ జోలికి వెళ్లండి. మెమరీ విషయంలో జాగ్రత్త, ఇప్పటి కార్డుల్లో చాలావాటికి మెమరీ తప్పుల్ని పట్టుకుని మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. క్రాష్ అవదు, ఫ్రేములు మాత్రం తగ్గుతాయి. నంబర్ పెరిగి ఫ్రేములు తగ్గాయంటే వెనక్కి రావాలి. స్క్రీన్ మీద మిణుకుమనే చుక్కలు, రంగు గీతలు వచ్చినా అంతే. వోల్టేజీ స్లైడర్ ముట్టుకోవద్దు, వేరే కార్డు బయాస్ (కార్డు లోపల ఉండే సాఫ్ట్‌వేర్) ఎక్కించొద్దు. స్టార్టప్‌లో అప్లై అయ్యే బటన్ వారం రోజులు స్థిరంగా నడిచాకే నొక్కండి. ఇంత చేస్తే 60 ఫ్రేములు వచ్చే చోట 63, 64 వస్తాయి. ఆ నాలుగు ఫ్రేముల కోసం మాడిన కన్వర్టర్ మీద పందెం కాయొద్దు.

సెకండ్ హ్యాండ్ కార్డులు కొనేవాళ్లు ఎదురుగా ఇరవై నిమిషాలు గేమ్ నడిపించి చూసి తీసుకోండి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఎథీరియం (ఒక డిజిటల్ కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్లు నడిచిన కార్డులు బోలెడు బయటికొచ్చాయి. అన్నీ చెడ్డవి కావు, కానీ ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్‌లు (చిప్పుల వేడిని లాగే మెత్తలు) అరిగి ఉండొచ్చు.

ఇంకొకటి మర్చిపోయేవాణ్ణి. మావాడి క్యాబినెట్ స్క్రూ ముట్టుకుంటే వేలు జిల్లుమంది. "మొదట్నించీ అంతే అన్నయ్యా" అన్నాడు మామూలుగా. గోడ సాకెట్‌లో ఎర్త్ వైరే లేదు. మీ ఇంట్లో కూడా అలా జిల్లుమంటుంటే రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కార్డు కంటే ముందు మీ ప్రాణం. పిన్ని భయపడిపోయి ఆ సాయంత్రమే పిలిపించింది.

నిన్న వీడియో కాల్ చేశాడు. కార్డు 71 దగ్గర నడుస్తోంది. వాడి వెనక మంచం మీద పిన్ని కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇదివరకు ఆ ఫ్యాన్ల మోతకి, వేడికి ఆ గదిలోకే వచ్చేది కాదు.