జీపీయూలు కొన్నంత మాత్రాన తుఫాను కబురు వంద రెట్లు ముందు రాదు

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన ప్రతిసారీ విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ పైకి తేలుతోంది. దాని సారాంశం ఇదీ: "కేంద్రం 850 కోట్లు పోసి వాతావరణ శాఖకు పాత రకం ప్రాసెసర్ల సూపర్ కంప్యూటర్లు కొంది. అదే డబ్బుతో జీపీయూలు కొనుంటే లెక్కలు వంద రెట్లు వేగంగా తేలేవి, తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో నిమిషాల్లో తెలిసేది. ఇప్పుడు మన ఊరికే ఏఐ డేటా సెంటర్ వస్తోంది కాబట్టి ఆ బెంగ కూడా తీరినట్టే." బాగా చదువుకున్నవాళ్లే దీన్ని పంచుతున్నారు. జీపీయూలంటే ఒకేసారి వేల చిన్న లెక్కలు చేసే చిప్పులు. అవి కావాలనే నేనూ అంటాను. అయితే ఈ ఫార్వర్డ్ చెప్పే కారణాలు తప్పు. ఆ కారణాలను నమ్మి కొంటే డబ్బూ పోతుంది, పనీ జరగదు.

మొదట ఆ "వంద రెట్లు" సంగతి. ఈ అంకె చాలావరకు ప్రోగ్రాంలో ఒక్క ముక్కను తీసుకుని, జీపీయూ మొత్తాన్ని సీపీయూ (మామూలు ప్రాసెసర్)లోని ఒకే ఒక్క కోర్‌తో, అంటే అందులో లెక్కలు చేసే ఒక్క భాగంతో, పోల్చినప్పుడు వస్తుంది. మొత్తం ప్రోగ్రాం సంగతి వేరు. ఒక అంచనా తేలడానికి నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు పడుతోందనుకుందాం. అందులో 60 శాతం పనిని జీపీయూకి మార్చి, నిజంగానే వంద రెట్లు వేగం సాధించామనుకుందాం. 144 నిమిషాల పని ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. మిగతా 96 నిమిషాలు ఎక్కడికీ పోవు. మొత్తం 97 నిమిషాలు పైచిలుకు, అంటే రెండున్నర రెట్లు. కంప్యూటర్ ఇంజినీరు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పిన లెక్క ఇది.

పైగా వాతావరణ మోడల్‌లో, అంటే గాలి కదలికలను లెక్కగట్టి రేపటి వాతావరణం చెప్పే ప్రోగ్రాంలో, వేగాన్ని ఆపేది కూడికలు, గుణకారాలు కాదు, మెమొరీ. గాలి, పీడనం, తేమ లెక్కకట్టాలంటే భూమిని గడులుగా విడగొట్టిన గ్రిడ్‌లోని ప్రతి గడికీ చుట్టుపక్కల గడుల విలువలు తెచ్చుకోవాలి. తెచ్చినవాటితో చేసే లెక్క మాత్రం కాస్తే. అందుకని మెమొరీ నుంచి డేటా ఎంత జోరుగా వస్తుందన్నదే ముఖ్యం. 40 గిగాబైట్ల ఎన్విడియా ఏ100 జీపీయూలో అది సెకనుకు సుమారు 1,555 గిగాబైట్లు. అదే కాలపు మంచి సర్వర్‌లో రెండు ప్రాసెసర్లకూ కలిపి సుమారు 400. అంటే తేడా నాలుగు రెట్లు. నాలుగు రెట్లు చిన్న లాభమేమీ కాదు, వంద మాత్రం కాదు.

కంపెనీ ప్రకటనల్లోని పెద్ద పెద్ద టెరాఫ్లాప్స్‌ను (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలన్న కొలత) కూడా ఇలాగే జాగ్రత్తగా చదవాలి. అదే ఏ100కి 312 టెరాఫ్లాప్స్ అని రాస్తారు. అది 16 బిట్ల లెక్క, అంటే అంకెల్లో కచ్చితత్వం తక్కువ, ఏఐకి సరిపోతుంది. సైన్సు ప్రోగ్రాములు ఎక్కువగా అడిగే 64 బిట్ల మామూలు లెక్కలో ఆ చిప్ శక్తి 9.7 మాత్రమే. అయితే అన్నిచోట్లా 64 బిట్లే అక్కర్లేదు. ఐరోపా వాతావరణ కేంద్రం 2021లో తన మోడల్‌ను 32 బిట్లకు మార్చి, మిగిలిన కంప్యూటర్ సమయాన్ని అంచనాలు మెరుగుపరచడానికి వాడుకుంది. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే లెక్క చెడిపోతుందో తేల్చడానికే ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి.

ఇక 850 కోట్లు తగలేశారన్న మాట. 2024 సెప్టెంబరులో పుణేలో అర్క, నోయిడాలో అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు మొదలయ్యాయి. మొదటిది 11.77 పెటాఫ్లాప్స్ (ఒక పెటాఫ్లాప్స్ అంటే వెయ్యి టెరాఫ్లాప్స్), రెండోది 8.24. ఏఐ, మెషీన్ లెర్నింగ్ పనులకని విడిగా మరో 1.9 పెటాఫ్లాప్స్ ఉంది. ఈ సంగతి ఫార్వర్డ్‌లో లేదు. అంతకుముందున్న ప్రత్యూష్ అనే సూపర్ కంప్యూటర్ మీద పది గంటల దాకా పట్టే అంచనా అర్క మీద నాలుగు గంటల్లో వస్తోంది. 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త మోడల్‌తో గ్రిడ్‌లో గడి 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు దిగింది. గడి పొడవు సగానికి తగ్గితే గడులు నాలుగింతలవుతాయి, లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలాన్ని కూడా సగం చేయాలి. అంటే పని ఎనిమిదింతలు. కొత్త యంత్రాల సత్తా అవసరమైంది అందుకే.

నిమిషాల్లో తెలుస్తుందన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. లెక్క ఎంత త్వరగా ముగిసినా, అది మొదలయ్యేది పరిశీలనలతో. విశాఖ నుంచి రోజుకు రెండుసార్లు పైకి వదిలే బెలూన్, ఉపగ్రహాలు, సముద్రంలో తేలుతూ కొలతలు తీసే బోయాలు, రాడార్లు ఇచ్చేదే మోడల్‌కి మేత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద పడుతుందని రోజుల ముందే చెప్పారు. ఆ రోజు దెబ్బతిన్నది కైలాసగిరి మీది డాప్లర్ రాడార్. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఏ జీపీయూ ఉన్నా ఆ చీకటిలో మన ఇంటికి కబురు చేరేది కాదు.

ఏఐ మోడళ్లు పది రోజుల అంచనాను నిమిషంలో ఇస్తున్న మాట నిజం, తుఫాను దారి చెప్పడంలో అవి బాగా రాణిస్తున్నాయి కూడా. కానీ గూగుల్ డీప్‌మైండ్ చేసిన గ్రాఫ్‌కాస్ట్ లాంటి ఏఐ మోడళ్లు నేర్చుకున్నది భౌతికశాస్త్ర మోడళ్లతో తయారుచేసిన దశాబ్దాల రికార్డు నుంచే. గాలి తీవ్రతను తక్కువగా చూపే లోపం కూడా వాటిలో కనబడింది. తీరంలో ఇళ్లు ఖాళీ చేయించాలా వద్దా అన్నది ఆ తీవ్రతను బట్టే ఉంటుంది. డేటా సెంటర్ మాటకొస్తే, 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన ఆ కేంద్రం ఒక కంపెనీ తన వ్యాపారానికి కట్టుకునేది. అది విశాఖలో ఉన్నంత మాత్రాన ఇక్కడి తుఫాను హెచ్చరిక కేంద్రానికి అందుబాటులోకి రాదు.

మరి జీపీయూలతో జరిగేపని లేదా? ఉంది, స్విట్జర్లాండ్ చేసి చూపించింది. అక్కడి జాతీయ వాతావరణ సంస్థ 2016 నుంచి రోజువారీ అంచనాలను జీపీయూల మీద నడిపింది. అందుకోసం ముందు కొన్నేళ్లపాటు శాస్త్రవేత్తలు, ప్రోగ్రామర్లు కలిసి కూర్చుని ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న కీలక భాగాన్ని సీ ప్లస్ ప్లస్ భాషలో తిరగరాశారు, మిగతా భాగాలకు పనిని జీపీయూకి పంపే ఓపెన్‌ఏసీసీ ఆదేశాలు జోడించారు. చిప్పులు కొనడం టెండరుతో అయిపోతుంది. కోడ్ తిరగరాసే మనుషులు టెండరుతో దొరకరు.

అందుకే మన ఎంపీలను, మంత్రులను అడగాల్సింది కొనుగోలులో కోడ్ మార్పిడికి ఎంత పెట్టారని. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో వాతావరణం, సముద్ర శాస్త్రం చదివే పిల్లలున్నారు, ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ మోడల్ కోడ్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఒక మంచి జీపీయూ సర్వర్, ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు, మూడేళ్ల ఫెలోషిప్పులు ఇస్తే, ఆ మోడల్‌లో ఎండ వేడిని లెక్కగట్టే సౌర వికిరణ భాగంతో జీపీయూకి మార్చే పని ఇక్కడే మొదలుపెట్టవచ్చు.