కత్తెర పడిన కూపన్ షీటే అసలు సాక్ష్యం

సోవియట్ యూనియన్ విడిపోయిన రోజుల కాగితపు డబ్బు సేకరించేవాళ్లు మడత పడని నోటు కోసమే వెతుకుతారు. ఉక్రెయిన్ కూపన్ల దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

1990 చివర్లో అక్కడ జీతంతోపాటు కూపన్ల షీటు ఇవ్వడం మొదలైంది. సరుకు కొనాలంటే రూబుళ్లు ఇవ్వాలి, అంతే విలువకు కూపన్లూ కత్తిరించి ఇవ్వాలి. మన రేషన్ కార్డు లాంటిదే. కాకపోతే ఇది కిలోలను కాదు, ఖర్చును కొలిచింది. ఉన్న కాస్త సరుకూ పక్క రిపబ్లిక్‌ల కొనుగోలుదార్ల పాలు కాకూడదన్నది ఉద్దేశం. షీటులో ఒకచోట మనిషి పేరు, సంస్థ పేరు, సంతకాలు, ముద్ర ఉండేవి.

ముద్ర లేని నిండు షీటు చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది ఎవరికీ ఇవ్వని మిగులు సరుకు. ముద్ర పడి, సగం కత్తిరించిన షీటు ఒక ఇంటి ఖర్చుకు లెక్క. నా ఓటు దీనికే. అందుకే ఖాళీ షీటు మీద కొత్తగా ముద్ర వేసి అమ్మేవాళ్లూ ఉంటారు. 10 రెట్ల భూతద్దంలో సిరా సన్నటి రంగు చుక్కలుగా విడిపోతే అది ప్రింటర్ పని. రబ్బరు ముద్ర సిరా అంచుల్లో కాస్త పాకుతుంది, వెనకవైపూ నీడ కనిపించవచ్చు. కూపన్ల మీద నెల అచ్చై ఉంటే ముద్రలోని వివరాలు దానితో పొసగాలి.

1992 జనవరి 10న ఉక్రెయిన్ నేషనల్ బ్యాంక్ కత్తిరించే పని లేకుండా నోట్లలా చేతులు మారే కూపన్లు తెచ్చింది. 1 నుంచి 100 వరకు, ఫ్రాన్స్‌లో అచ్చు. ఒకవైపు కీవ్ స్థాపకుల సోదరిగా గాథల్లో చెప్పే లిబిద్, మరోవైపు కీవ్‌లోని సెయింట్ సోఫియా కెథడ్రల్. సీరియల్ నంబరే లేదు కాబట్టి 'అరుదైన నంబరు' అన్న బేరం వీటికి వర్తించదు. చిన్న విలువలవి కుప్పలుగా దొరుకుతాయి, ఎక్కువ పెట్టొద్దు. 1993లో ధరల పెరుగుదల 10,000 శాతం దాటింది. 1995 నాటికి 10 లక్షల నోటు వచ్చింది. 1996 సెప్టెంబరులో లక్ష కూపన్లకు ఒక హ్రివ్నియా (ఉక్రెయిన్ కొత్త కరెన్సీ) చొప్పున మార్చారు. ఒకే నోటు పది కొత్త ప్రతులకన్నా, 1 నుంచి 10 లక్షల దాకా ఆ మెట్లన్నీ చూపే నలిగిన వరస మేలు.

మోల్డోవా నుంచి విడిపోయానని ప్రకటించుకున్న ట్రాన్స్‌నిస్ట్రియా 1994లో పాత సోవియట్ నోట్లకు రష్యన్ సేనాని సువరోవ్ బొమ్మ స్టాంపులు అంటించింది. నోటంతా నలిగి స్టాంపు ఒక్కటే తళతళలాడుతుంటే అనుమానించాలి. చెలామణిలో తిరిగినదైతే కొన్ని మడతలైనా రెంటి మీదుగా పోవాలి.

దాచేటప్పుడు ఆల్బమ్‌లో పట్టలేదని షీటు అంచులు కోసేయకండి, లామినేషన్ అసలే వద్దు. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిగురెక్కి సిరాను లాగేస్తాయి. పాలియెస్టర్ కవరు, వానాకాలంలో పక్కన సిలికా జెల్ పొట్లం చాలు.