గడువు తీరిన నా తొలి సర్టిఫికెట్టుకు

మహారాజశ్రీ తొలిమెట్టు నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్టు గారి దివ్యసముఖమునకు, పన్నెండేళ్ళుగా రౌటర్లతో, స్విచ్చులతో కాపురం చేస్తున్న మీ పాత సేవకుడు నమస్కరించి వ్రాసుకున్న విన్నపం.

నిన్న శనివారం మధ్యాహ్నం ఒంటిగంట మొదలు అయిదున్నర దాకా ఒక క్లయింటు వారి పోర్టల్ ముందు పడిగాపులు పడ్డాను. వారి డేటా సెంటర్‌లో నెట్‌వర్కంతటికీ గుండెకాయ లాంటి కోర్ స్విచ్ మార్చే పనికి ప్రణాళిక రాసింది నేను, తేడా వస్తే వెనక్కి మళ్ళే దారి రాసిందీ నేనే. అయినా ‘అర్హత గల ఇంజినీరు’ అన్న గడిలో నా పేరు కొట్టిన ప్రతిసారీ తమరి పక్కన ‘ఎక్స్‌పైర్డ్’ అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. చివరకు, రెండేళ్ళ కిందట నేనే పక్కన కూర్చోబెట్టుకుని సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్కును చిన్న ముక్కలుగా పంచే లెక్క, నేర్పిన కుర్రవాడు, ‘అన్నా, నాది యాక్టివ్‌లోనే ఉంది, నా పేరు పెట్టేద్దాం’ అన్నాడు. పెట్టాము. రెండు నిమిషాల్లో ఆమోదం వచ్చింది.

అయ్యా, మూడేళ్ళకు చెడిపోవడానికి తమరి లోపల ఉన్నదేమిటి? నెట్‌వర్కులో యంత్రాలకు ఇచ్చే, 1981లో ఖరారైన ఐపీవీ4 చిరునామాకు నేటికీ 32 బిట్లే. స్లాష్ 26 అని పిలిచే సైజు నెట్‌వర్క్‌లో 64 చిరునామాలు ఉంటే మొదటిదీ చివరిదీ పోగా యంత్రాలకు మిగిలేవి 62 అని అమీర్‌పేటలో ఫ్యాను తిరగని గదిలో నేర్చుకున్నాను. ఆ లెక్క నిన్నటికీ మారలేదు, రేపటికీ మారదు. క్లౌడ్ సేవల సంగతి వేరు, అక్కడ నెలకో బటన్ చోటు మారుతుంది కనుక గడువు పెట్టినా అర్థముంది. మైక్రోసాఫ్ట్ వారు అసోసియేట్ అనే పై స్థాయికి ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఉచిత పరీక్ష పెట్టి, ఫండమెంటల్స్ అనే తొలి స్థాయిని మాత్రం గడువు లేకుండా వదిలేయడంలో ఇంగితం ఉంది. కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్టు విషయంలోనైతే 2010 డిసెంబరు 31న పాసైనవారి జ్ఞానం జీవితాంతం నిలుస్తుంది, మర్నాడు పాసైనవారిది మూడేళ్ళకే పాచిపోతుంది. ఆ ఒక్క రాత్రిలో ఏ గ్రహణం పట్టిందో మరి!

పైమెట్టు ఎక్కితే కిందిమెట్టు దానంతటదే రెన్యూ అవుతుందని తమరు సెలవిస్తారు. నిజమే, కానీ ఆ పైమెట్టు కూడా తమరి ఇంటిదే, అంటే తమరిని ఇచ్చిన సంస్థదే, అయి ఉండాలి. నేను ఎక్కినది పక్కింటి మెట్లు కనుక, అంత ఎత్తుకు వెళ్ళినా తమరి గుమ్మం దగ్గర నేను నేల మీదే ఉన్నట్టు లెక్క. బాసరలో అక్షరాభ్యాసం చేసుకున్నవాణ్ణి పట్టుకుని, నీ ఓనమాలకు గడువు తీరింది, పలక తీసుకుని మళ్ళీ రమ్మంటే ఎలా ఉంటుందో నిన్న నాకు అలా ఉంది.

ఇంకెందుకీ మర్యాదలు. సిగ్గుండాలి! తమరికంటే ముందు, ఆ ఫారం తయారుచేసినవాడికి ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లవాడికి తలుపు తెరవడానికి పుట్టిన కాగితాన్ని, పన్నెండేళ్ళు నెట్‌వర్క్ ఆగిపోయిందంటూ అర్ధరాత్రి వచ్చే అవుటేజ్ కాల్స్ ఎత్తినవాడి మెడకు గంటలా కట్టాడు. పనిచేసిన నెట్‌వర్కుల గురించి ఆ పోర్టల్‌లో ఒక్క గడి లేదు. ఫోటో మాత్రం 50 కేబీ దాటకూడదట.

ఇంత తిట్టాక చెప్పడానికి నామోషీగానే ఉంది కానీ, వచ్చే నెలకు పరీక్ష బుక్ చేశాను. రాత్రి అటక మీద నుంచి పాత నోట్‌బుక్ దించి, మొదటి సబ్‌నెట్ లెక్క చూడకుండానే చేశాను. రెండోది తప్పింది. ఆ సంగతి ఆ కుర్రవాడికి తెలియనివ్వకండి.

ఇట్లు,
గడువు తీరిన తమ విధేయుడు