థ్రైవ్‌కీ సర్వైవ్‌కీ చుట్టరికం లేదు

ఇంగ్లిష్ నేర్పే పోస్టుల్లో ఒకటి తరచూ చేతులు మారుతుంటుంది. దాని సారం ఇది: "థ్రైవ్, సర్వైవ్ రెండూ జీవించడం అనే అర్థమున్న లాటిన్ 'వీవెరె' నుంచి పుట్టాయి. సర్వైవ్ అంటే ఏదోలా బతకడం, థ్రైవ్ అంటే నిండుగా బతకడం. థ్రైవ్‌ను మనుషుల మానసిక స్థితికే వాడాలి. గతకాలంలో థ్రైవ్డ్ అనాలి, థ్రోవ్ తప్పు. థ్రైవ్ యువర్ కెరీర్!" ఇందులో సర్వైవ్ పుట్టుక సరిగ్గానే ఉంది, థ్రైవ్ గురించి చెప్పినవే చాలావరకు తప్పు.

"రెండూ వీవెరె నుంచే పుట్టాయి." సర్వైవ్ వరకు నిజం. 'సుపెర్' అంటే మీద, అవతల. దానికి 'వీవెరె' కలిస్తే ఒకరి తర్వాత గానీ ఒక ఆపద తర్వాత గానీ బతికి ఉండడం. ఆ మాట ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి చేరింది. థ్రైవ్ పుట్టిల్లు వేరు: 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డ స్కాండినేవియన్ల భాష, ఓల్డ్ నార్స్. అందులో 'థ్రీఫా' అంటే గట్టిగా పట్టుకోవడం, చేజిక్కించుకోవడం. 'తనకు తాను' అనే భావమిచ్చే 'స్క్' ప్రత్యయం చేరితే 'థ్రీఫస్క్' అయింది. తనకోసం పట్టుకోవడం కాస్తా బాగుపడడం, వృద్ధి చెందడం అయింది. 1200 ప్రాంతంలో ఇంగ్లిష్ రాతల్లోకి వచ్చేసరికే ఆ అర్థం స్థిరపడింది, ప్రత్యయం రాలిపోయింది. ఎండలో హాయిగా వెచ్చబడడాన్ని చెప్పే 'బాస్క్'లో మాత్రం అదే 'స్క్' నేటికీ ఉంది. దాని మూలం 'బదస్క్', అంటే తాను స్నానం చేయడం. స్వీడిష్‌లో థ్రైవ్‌కు తోబుట్టువు 'త్రీవస్'. ఒక చోట మనసు కుదిరి హాయిగా ఉండడమని దానికి అర్థం.

చివర వినిపించే పోలికే అందరినీ మోసం చేస్తోంది. సర్వైవ్, రివైవ్, వివిడ్ మాటల్లో 'వ' రెండుసార్లు వస్తుంది, ఎందుకంటే 'వీవెరె'లో రెండు ఉన్నాయి. థ్రైవ్‌లో ఒక్కటే. దాని ముందున్న 'థ్ర్' ఉపసర్గ కాదు, ధాతువులో భాగమే. కాబట్టి తీసేయడానికి వీల్లేదు.

దీనికి ఎదురుకొసన మరో పొరపాటు ఉంది: మూలం 'చేజిక్కించుకోవడం' కాబట్టి థ్రైవ్‌లో ఇతరుల నుంచి లాక్కోవడం దాగి ఉందనడం. ఎనిమిది వందల ఏళ్ల వాడుక ముందు ఆ వాదన నిలవదు.

థ్రైవ్‌కు అసలైన బంధువు 'థ్రిఫ్ట్'. అదీ నార్స్ మాటే, అదే క్రియ నుంచి పుట్టింది. మొదట సిరిసంపద అని అర్థం, తర్వాత పొదుపుగా మారింది. ఈ పాత అర్థం తెలిస్తే 'స్పెండ్‌థ్రిఫ్ట్' దగ్గర తడబడరు. 'థ్రిఫ్ట్' చూసి పొదుపరి అనుకునేవాళ్లు చాలామంది, కానీ ఆ మాటకు అర్థం ఉన్నదంతా ఊడ్చిపెట్టే దుబారా మనిషి.

"మనుషుల మానసిక స్థితికే వాడాలి." మొక్కలు, వ్యాపారాలు, బ్యాక్టీరియా అన్నీ థ్రైవ్ అవుతాయి. పిల్లల వైద్యంలోనైతే ఇది కొలిచి చూసే విషయం. శిశువు బరువు ఎదుగుదల చార్టులో రెండు ప్రధాన గీతలు దాటి కిందికి జారడం 'ఫెయిల్యూర్ టు థ్రైవ్' అనడానికి వైద్యులు చూసే గుర్తుల్లో ఒకటి.

"థ్రోవ్ తప్పు." కాదు. డ్రైవ్, డ్రోవ్, డ్రివెన్ లాగే థ్రైవ్, థ్రోవ్, థ్రివెన్ పాత వరస. ఇవాళ థ్రైవ్డ్‌దే పైచేయి కాబట్టి పరీక్షలోనూ ఉత్తరంలోనూ అదే రాయండి. పాత పుస్తకంలో థ్రోవ్ కనిపిస్తే దిద్దకండి. నిజంగా తప్పయ్యేది రెండు వరసల్ని కలిపేసి 'హ్యాజ్ థ్రోవ్' అనడం. అక్కడ 'హ్యాజ్ థ్రైవ్డ్' రావాలి, లేదా పాత పద్ధతిలో 'హ్యాజ్ థ్రివెన్'.

"థ్రైవ్ యువర్ కెరీర్." అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే చదివినవాళ్లు దీన్ని నేరుగా ఉద్యోగ దరఖాస్తుల్లోకి ఎక్కిస్తారు. థ్రైవ్ అకర్మక క్రియ. దానికి కర్మ ఉండదు, కర్మణి ప్రయోగమూ ఉండదు. మనం 'వర్ధిల్లు'ను 'వర్ధిల్లజేయు' చేసుకుంటాం, 'గ్రో' రెండు విధాలా పనిచేస్తుంది. దాంతో థ్రైవ్ కూడా అలాగే ఒదుగుతుందనిపిస్తుంది. ఒదగదు. 'హెల్ప్ యువర్ కెరీర్ థ్రైవ్' అనాలి. 'థ్రైవ్ యువర్ కెరీర్'లో థ్రైవ్ బదులు 'ఫ్లరిష్' పెట్టినా కుదరదు: కర్మ చేరగానే ఫ్లరిష్‌కు కత్తినో కాగితాన్నో గాలిలో ఝళిపించడం అనే అర్థం వస్తుంది.

విభక్తి స్థానంలో వచ్చే చిన్న మాటలూ అర్థాన్ని మార్చేస్తాయి. 'థ్రైవ్ ఇన్' తర్వాత చోటు గానీ పరిస్థితి గానీ వస్తుంది: తేమలో బూజు, వెచ్చదనంలో బ్యాక్టీరియా. 'థ్రైవ్ ఆన్' తర్వాత వచ్చేది పోషణ. 'థ్రైవ్స్ ఆన్ ప్రెషర్' అంటే ఒత్తిడిని తట్టుకుంటాడని కాదు, ఒత్తిడి ఉంటేనే అతని పని జోరందుకుంటుందని. ఓర్చుకోవడమే చెప్పాలనుకుంటే థ్రైవ్‌ను పక్కనపెట్టి 'కోప్స్ విత్ ప్రెషర్' అనండి.