రూం నంబరు 204లో నోబెల్ బహుమతి

ఆదివారం పేపర్ మడత విప్పగానే ఒక పసుపు కరపత్రం జారి కింద పడింది. చీరల డిస్కౌంటు కాబోలు అనుకున్నాను. కాదట. ‘క్యాన్సర్‌కు శాశ్వత పరిష్కారం. ఏ రకమైనా, ఏ స్టేజీ అయినా. ఆపరేషన్ లేదు, కీమో లేదు, సైడ్ ఎఫెక్టులు అసలే లేవు. శేషాచలం మూలికలతో 40 రోజుల్లో గ్యారంటీ. నెలకోసారి తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో, రూం నంబరు 204.’ మధ్యాహ్నానికి ఇదే మా బంధువుల గ్రూపులోకీ వచ్చేసింది. మా బాబాయి దానికి రెండు చేతులు జోడించి, ‘పదిమందికీ పంపండి, పుణ్యం’ అని రాశాడు.

ఇంతటి మేధావిని దేశం గుర్తించకపోవడం ఘోరం. పెద్దాసుపత్రుల వాళ్ళు రొమ్ము క్యాన్సర్ ఒక్కదాన్నే హార్మోను రకమనీ హెర్‌2 రకమనీ విడదీసి, ఒక్కోదానికి ఒక్కో మందు వెతుక్కుంటూ అవస్థ పడుతున్నారు. వైద్యుడు గారి దగ్గర ఒకటే డబ్బా. గొంతు, లివరు, గర్భసంచి అన్నిటికీ అదే. గట్టిగా అడిగితే మోకాళ్ళ నొప్పులకు కూడా. అలిపిరి దగ్గర టీటీడీ స్థలమిస్తే టాటా ట్రస్ట్స్ వాళ్ళు అంత పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి కట్టి 2022లో తెరిచారు. పాపం, లాడ్జిలో ఒక రూం తీసుకుంటే సరిపోయేది.

దర్శనం చేసుకుందామని వెళ్ళాను. వరండా పొడుగునా జనం, ఒళ్ళో స్కాన్ కవర్లు. లోపల వైద్యుడు గారు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. దిండు పక్కన ప్లాస్టిక్ డబ్బాలు. పుంగనూరు నుంచి వచ్చిన తల్లీకొడుకులు రిపోర్టుల ఫైలు చేతికిస్తే తెరవలేదు. బరువు చూసి పక్కన పెట్టారు.

“బయాప్సీ తీయించినారా?”

“తీసినారు సామీ.”

“అదేమ్మా మీరు చేసిన పొరపాటు. సూది గుచ్చబట్టే ఒళ్ళంతా పాకింది.”

ముక్క తీసి పరీక్ష చేయకుండా అది క్యాన్సరో, మామూలు గడ్డో చాలావరకు చెప్పలేం. బయాప్సీ లేకపోతే రోగం ఉందని తేలదు, రోగం లేని మనిషికి ఇట్టే నయమైపోతుంది! తర్వాత ఫోన్‌లో ఫోటోలు చూపించారు. “ఈమెది పలమనేరు. వెల్లూరులో ఆపరేషన్ అయింది, కీమోలు అయినాయి, ఆ పైన మన పొడి వాడింది. ఇప్పుడు చూడండి, శుభ్రంగా ఉండాది.” వెల్లూరు డాక్టర్లు ఏ ఫోటోలోనూ లేరు.

ఇది పెద్దవాళ్ళకూ ఉన్న అలవాటే. 2024 నవంబరులో నవజ్యోత్ సింగ్ సిద్ధూ గారు తన భార్య నాలుగో స్టేజీ క్యాన్సర్ వేప, పసుపు, నిమ్మరసం లాంటి ఆహార నియమంతో 40 రోజుల్లో తగ్గిందన్నారు. ఆమెకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో పనిచేస్తున్న, గతంలో పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు ఇవి నమ్మి వైద్యం ఆపొద్దని ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత సిద్ధూ గారు అంతా డాక్టర్ల సలహాతోనే చేశామని సర్దుకున్నారు. మా గ్రూపులోకి మొదటి వీడియో వచ్చింది గానీ, సర్దుబాటు ఇంతవరకు రాలేదు.

“నిమ్మకాయ నీళ్ళు తాగితే ఒళ్ళు క్షారమవుతుంది, క్షారంలో క్యాన్సర్ బతకదు, నోబెల్ వచ్చిన వార్‌బర్గ్ చెప్పినాడు,” అని కూడా సెలవిచ్చారు వైద్యుడు గారు. జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చిన మాట నిజమే. అది కణాల శ్వాసక్రియలో పనిచేసే ఎంజైమ్‌ను కనిపెట్టినందుకు, నిమ్మకాయలకు కాదు. మనం ఏం తాగినా రక్తం పీహెచ్‌ను, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలతను, 7.35, 7.45 మధ్యనే పట్టి ఉంచడానికి ఊపిరితిత్తులూ కిడ్నీలూ ఉన్నాయి.

‘మూలికలంటే నీకు చులకన’ అంటాడు బాబాయి. ఆయన ఇంటి ముందు కుండీలో పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీశారు. 1960ల నుంచి పిల్లల రక్త క్యాన్సర్‌కు దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తున్నారు. అదే ఆకు నూరుకుని తాగితే విషం. ఆకులో మందుంటే కంపెనీలు దాచిపెట్టవు బాబాయ్, సీసాలో పోసి రేటు కట్టి అమ్ముతాయి.

ఇంతవరకు నవ్వులాటే. మా వీధిలో ఒక అక్కకు రొమ్ములో రేగిపండంత గడ్డ ఉన్నప్పుడే కనిపెట్టారు. ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. ఇలాంటి పొడి ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఇది వాడేటప్పుడు ఇంగ్లీషు మందు ముట్టకూడదన్నాడు ఇలాంటివాడే ఒకడు. ఆరోగ్యశ్రీ కార్డు బీరువాలోనే ఉంది, గొలుసు మాత్రం తాకట్టు కొట్టుకు వెళ్ళింది. ఐదారు నెలలకు గడ్డ పగిలి పుండైతే అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు అడిగింది ఒకటే మాట: “ఇన్నాళ్ళూ ఏం చేశారు?” నయం కాగల రొమ్ము క్యాన్సర్‌కు అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్నవాళ్ళలో చావు ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని 2018లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. సైడ్ ఎఫెక్టులు లేవన్నావు కదరా? ఆ నెలలు ఎవడిస్తాడు? నువ్విస్తావా, డబ్బాలో పోసి?

ఇదంతా చట్టం లేక జరుగుతున్నది కాదు. ఫలానా మందుతో క్యాన్సర్ నయమవుతుందని ప్రకటన వేయడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. నేరస్థుడు తన అడ్రసు, ఫోన్ నంబరు అచ్చేయించి ఊరంతా పంచే నేరం ఇంకొకటి ఉన్నట్టు లేదు. ఔషధ నియంత్రణ అధికారులు వెతుక్కునే శ్రమ కూడా లేదు. కాకపోతే కొంచెం పెందలాడే రావాలి, తొమ్మిది దాటితే టోకెన్లు అయిపోతాయి.