నేచురల్ ఫ్లేవరోపాఖ్యానం

కార్తీకమాసం వచ్చిందంటే మా ఇంట్లో ఒక పరిశోధనా సంస్థ వెలుస్తుంది. దానికి డైరెక్టరు మా అత్తగారు. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, బయటి తిండి, అన్నీ నిషేధం. బయటి తిండి అంటే హోటల్‌ది. అమెరికా నుంచి మనవడు పంపిన ప్యాకెట్లు ఆ లెక్కలోకి రావు. వాటి వెనక చీమతలకాయంత అక్షరాలు చదివిపెట్టడం నా ఉద్యోగం. పరికరం, కీర్తిశేషులైన మా మామగారు పంచాంగం చూసుకున్న భూతద్దం.

"ఏముంది బాబూ ఇందులో?"

"బంగాళదుంప, నూనె, ఉప్పు, నేచురల్ ఫ్లేవర్, అత్తయ్యా."

"అంటే?"

"సహజమైన రుచి."

"దేని రుచి?"

అక్కడ నా విద్య ఆగిపోయింది. అప్పటినుంచి శాస్త్రాలు తిరగేస్తున్నాను. దొరికినంత వరకు లోకహితం కోరి ఇక్కడ సమర్పిస్తున్నాను.

మన దేశపు నిబంధనల ప్రకారం నేచురల్ ఫ్లేవర్ అంటే మొక్కల నుంచి, ఒక్కోసారి జంతువుల నుంచి, భౌతిక పద్ధతుల్లో తీసిన పదార్థం. 'ఒక్కోసారి' అన్న మాట రాసిన చేతికి నా నమస్కారం. మా పెద్దమామయ్య కూడా ఒక్కోసారే తాగేవాడు. అమెరికా వాళ్ల నిర్వచనం ఇంకా విశాలం. ఆకు, బెరడు, వేరు, పండు అని మొదలుపెట్టి మాంసం, చేప, కోడి, గుడ్డు, పాల దాకా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుంది. సహజం అనగానే మా అత్తగారికి తులసికోట గుర్తొస్తుంది. కంపెనీవారిది ఇంకా పెద్ద మనసు. వారి లెక్కలో తులసీ సహజమే, తులసి మేసిపోయిన మేకా సహజమే.

మన ప్యాకెట్ల మీద ఇంకొక మాట ఉంటుంది, 'నేచర్ ఐడెంటికల్' అని. ఇది అద్వైతం. వెనిలా కాయలో ఉండే వెనిలిన్, పెట్రోలియం సరుకుల నుంచి ఫ్యాక్టరీలో తయారైన వెనిలిన్, అణువు అణువూ ఒక్కటే. రెండూ వేరనుకోవడం మన అజ్ఞానం. ప్రపంచంలో వాడే వెనిలిన్‌లో చాలా భాగం ఈ రెండో రకమే కాబట్టి మనం చిన్నప్పటినుంచీ ఐస్‌క్రీమ్ రూపంలో వేదాంతం చప్పరిస్తూనే ఉన్నామన్నమాట. అసలు వెనిలా కావాలంటారా, అమెరికాలో వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అని పేరు పెట్టాలంటే అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండి తీరాలి. అయ్యప్ప మాలలో ఉన్న మా బావమరిదికి ఈ సంగతి చెప్పాను. "బిస్కెట్ కాల్చేటప్పుడు ఆవిరైపోతుంది, స్వామీ" అని మరో రెండు తీసుకున్నాడు.

ఈ ఉపాఖ్యానంలో అందరూ వినవలసిన ఘట్టం మెక్‌డొనాల్డ్స్‌ది. 1990లో ఆ సంస్థ అమెరికాలో బంగాళదుంప వేపుళ్లకి పశువుల కొవ్వు మానేసి నూరు శాతం వెజిటబుల్ ఆయిల్‌కి మారామని ప్రకటించింది. అక్కడున్న మనవాళ్లు సంతోషించి పదేళ్లపాటు పిల్లలకి అవి కొనిపెట్టారు. నూనె మారిన మాట నిజమే. దుంపలకి ముందుగానే పట్టించే గొడ్డుమాంసం సారం మాత్రం మారలేదు. పదార్థాల పట్టికలో దాని పేరు, చెప్పనక్కర్లేదు, నేచురల్ ఫ్లేవర్. 2001లో సియాటిల్‌లో శాకాహారులు, హిందువులు దావా వేస్తే 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇచ్చి రాజీపడింది. మన దేశంలో అమ్మే వాటిలో అది లేదని సంస్థ చెప్పింది, అది వేరే సంగతి. ఇప్పుడు అక్కడి పట్టికలో 'నేచురల్ బీఫ్ ఫ్లేవర్' అని బాహాటంగా ఉంటుంది. పక్కనే దాని మూలపదార్థాలు గోధుమ, పాలు అని కూడా ఉంటుంది. ఒకప్పుడు ఆవు ఉంది, పేరు లేదు. ఇప్పుడు పేరులో ఆవు, లోపల పాలూ గోధుమా. మా అత్తగారికి ఇది వివరించబోతే గంగాజలం తెమ్మన్నారు.

మనకేం, ఆకుపచ్చ చుక్క ఉందిగా అంటారు. ఉంది. గుడ్డు పడితే చాలు, చుక్క పోయి గోధుమరంగు త్రిభుజం వస్తుంది. కానీ పాలు, తేనె, తేనెమైనం, లక్క మాంసాహారం కావని నిబంధనే మినహాయించింది. లక్క ఇచ్చేది పురుగని తెలిసే మినహాయించారు. ఆ మినహాయింపుల వరసలో కార్నౌబా మైనం కూడా ఉంది. అది బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. జంతువుల జాబితాలో ఆ చెట్టుకేం పనో నాకు బోధపడలేదు. ఇక ఉల్లి, వెల్లుల్లి సంగతి చుక్కకి అసలు పట్టదు. పాలు పడనివాళ్లనీ అది పట్టించుకోదు.

అంకెలు మరో పురాణం. చిప్స్ వెనక 631 అని కనబడితే అది డైసోడియం ఇనోసినేట్, రుచి పెంచేది. చేపల నుంచో మాంసం నుంచో తీయొచ్చు, పిండిపదార్థాన్ని పులియబెట్టీ చేయొచ్చు. అంకె చూసి ఏదో చెప్పలేం. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇదే ఉదాహరణ తీసుకుని, కోడ్ నంబరు వేసి ఊరుకుంటే కుదరదు, అది మొక్కదో జంతువుదో ల్యాబ్‌దో చెప్పాలని ఆదేశించింది. మా అత్తగారు కోర్టుని మెచ్చుకుని, "మరి ఇది ఏ 631 బాబూ?" అని మళ్లీ మొదటికొచ్చారు.

చివరికి ఒక కంపెనీకి ఉత్తరం రాశాను. మీ నేచురల్ ఫ్లేవర్‌లో ఉల్లి ఉందా లేదా, ఒక్కమాట చాలు అన్నాను. నన్ను విలువైన వినియోగదారుడిగా గుర్తిస్తూ రెండు పేరాలు రాసి, ఫ్లేవర్ వివరాలు వ్యాపార రహస్యం అన్నారు. నాకు కోపం రాలేదు. మంత్రోపదేశం కూడా చెవిలోనే చేస్తారు. తిరుక్కోష్టియూరులో రామానుజులవారు గోపురమెక్కి రహస్యమంత్రాన్ని అందరికీ వినిపించారని చెబుతారు. ఫ్లేవర్ పరిశ్రమలో అలా గోపురమెక్కేవాడు ఇంకా పుట్టలేదు.

ప్రభుత్వానికి ఒక మనవి కూడా తయారుచేశాను. చుక్క, త్రిభుజం మన జాతికి చాలవు. శనివారం మాత్రమే నీచు ముట్టనివారికి ఒక గుర్తు, గుడ్డు తినరుగానీ కేకు తినేవారికి ఒకటి, కార్తీకానికి దీపం బొమ్మ, మాలధారణకి ఇరుముడి. గుర్తులన్నీ వేశాక ప్యాకెట్ మీద కంపెనీ పేరుకి చోటు మిగలకపోతే పేరు వెనక్కి పోనివ్వండి, చీమతలకాయంత అక్షరాల్లో.

మనవి పోస్టు చేద్దామనుకున్నరోజు ఏకాదశి. అత్తగారు ధాన్యం ముట్టరు. సగ్గుబియ్యం ఉప్మా చేస్తున్నారు. పేరులో బియ్యం ఉన్నా అది కర్రపెండలం కాబట్టి దోషం లేదట. ఉల్లి లేని లోటు తీరడానికి పోపులో దండిగా ఇంగువ వేశారు. ఇల్లంతా ఘుమఘుమ. చేతిలో భూతద్దం ఉంది కదా అని, ఊరికే ఇంగువ డబ్బా అందుకున్నాను. తుమ్మజాతి జిగురు, ఇంగువ. ఆ రెంటికీ ముందు, మొట్టమొదట, గోధుమపిండి.

"ఏం చూస్తున్నారు బాబూ?"

"ఎక్స్‌పైరీ డేటు, అత్తయ్యా."

డబ్బాని లేబుల్ గోడవైపు ఉండేలా తిప్పి అరలో పెట్టేశాను.